తెల్ల బంగారు ఉంగరంలో పసుపు ఛాయ: రోడియం పూత గురించి తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న

నమస్కారమండీ. మూడేళ్ళుగా రోజూ పెట్టుకుంటున్న నా 18 క్యారెట్ల తెల్ల బంగారు ఉంగరం ఈ మధ్య రంగు మారుతోంది. రాయి చుట్టూ ఇప్పటికీ అద్దంలా తెల్లగానే ఉంది గానీ, అరచేతి వైపు గోరంత మేర లేత పసుపు తేలింది. పగటి వెలుగులో తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తోంది. బంగారంలోనే లోపం ఉందేమోనని బెంగగా ఉంది. దాని మీద రోడియం పూత ఉందని కొన్నప్పుడు చెప్పారు. ఇదే పూత ఉన్న వెండి గొలుసు కూడా నా దగ్గర ఉంది. వీటిని ఎలా కాపాడుకోవాలి?

మొదటి జవాబు

బెంగ పడకండి, అది లోపం కాదు. నేను నగల పనిలో ఉన్నాను. ఈ అనుమానంతో వచ్చేవారిని తరచుగా చూస్తుంటాను. 18 క్యారెట్లంటే నాలుగింట మూడు వంతులు బంగారమే కాబట్టి, మిగతా వంతులో పల్లాడియమో నికెలో కలిపినా పసుపు తగ్గుతుందే తప్ప చాలావరకు పూర్తిగా పోదు. ఉంగరం కొత్తలో మీరు చూసిన మెరిసే తెలుపు, పైన వేసిన రోడియానిది. ఇది ప్లాటినం కుటుంబానికి చెందిన లోహం. 1804లో దీన్ని వెల్లడించిన విలియం హైడ్ వొలాస్టన్, దాని లవణాలు గులాబీ రంగులో ఉండటం వల్ల గ్రీకులో గులాబీని సూచించే మాటతో ఆ పేరు పెట్టాడు.

రోడియం గాలికి నల్లబడదు, బంగారం కంటే ఎంతో గట్టిది. అయినా నగల మీద ఆ పూత సాధారణంగా మైక్రాన్‌లో సగానికి మించదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత పలుచని పొర తలుపు పిడికీ, సంచి పట్టీకీ రోజూ రాసుకుంటే అరగక తప్పదు. మీ ఉంగరం అరచేతి వైపే ముందుగా పసుపు తేలడానికి కారణం ఇదే. చెవి కమ్మలకు ఇంత రాపిడి ఉండదు కనుక వాటి పూత ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

రెండవ జవాబు

గొలుసు విషయంలో నా అనుభవం చెబుతాను. పూత ఉన్న నా వెండి గొలుసును మామూలు వెండే అనుకుని పళ్ళపొడితో గట్టిగా తోమాను. కొన్ని నెలల తర్వాత నేను ఎక్కువగా రుద్దిన లంకెలు మాత్రమే నల్లబడ్డాయి, పక్క లంకెలు తెల్లగానే ఉన్నాయి. వెండిని నల్లబరిచేది గాలిలోని గంధకపు సమ్మేళనాలు. వాటిని అడ్డుకుంటున్న పొరను నా చేతులతో నేనే తీసేశానని అప్పుడు గాని అర్థం కాలేదు. వెండిని మెరిపించే పేస్టులు కూడా ఇదే హాని చేస్తాయి.

గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బు కలిపి, మెత్తని బ్రష్‌తో జిడ్డు వదిలించి, శుభ్రమైన నీటితో కడిగి, మెత్తని బట్టతో అద్దితే చాలు. బ్లీచింగ్ ద్రావణాలు వాడేటప్పుడూ, క్లోరిన్ కలిపిన కొలనులో ఈదేటప్పుడూ నగ తీసేయండి. పూత అరిగిన చోట క్లోరిన్ అడుగు లోహాన్ని దెబ్బతీస్తుంది. గొలుసును వేరే నగలతో కలిపి ఒకే డబ్బాలో పడేయకండి.

మూడవ జవాబు

పూత మళ్ళీ వేయించవచ్చు, కానీ తొందరపడకండి. అంత పలుచని పూత గీతలను దాచలేదు కనుక ముందు నగకు మెరుగు పెట్టి, జిడ్డు లేకుండా శుభ్రపరిచి, ఆ తర్వాతే రోడియం ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపుతారు. మెరుగు పెట్టిన ప్రతిసారీ కాస్త బంగారం పోతుంది, రాయిని పట్టి ఉంచే కొక్కాలూ సన్నబడతాయి. ఏటా అలవాటుగా వేయించడం నా దృష్టిలో నగకు మేలు కాదు. ముత్యం, ఒపల్ వంటివి పొదిగి ఉంటే ఆ సంగతి పనివారికి ముందే చెప్పాలి, అవి ఆ ద్రావణాలకు తట్టుకోలేవు. పూత పోయిన చోట వేలికి దురద గాని దద్దురు గాని వస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు. అడుగున ఉన్న నికెల్ మీకు పడటం లేదేమో చూపించుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వేలికి దురద లేదు, పసుపు కూడా చెయ్యి తిప్పి చూస్తేనే కనిపిస్తుంది కాబట్టి ఇప్పట్లో పూత వేయించను. గిన్నెలు తోమేటప్పుడు కూడా ఉంగరం తీసేదాన్ని కాదు, ఈ రోజు నుంచి తీసి పక్కన పెడుతున్నాను. గొలుసును విడిగా బట్ట సంచిలో ఉంచాను.