పగడాల ఫొటోలు నీలంగా, చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి

కర్నూలు_కుర్రోడు:
అన్నలూ, కాంపాక్ట్ కెమెరా, ప్లాస్టిక్ హౌసింగ్ (నీళ్లు దూరని కెమెరా పెట్టె). 12 మీటర్ల లోతులో తీసినవన్నీ నీలం. ఫ్లాష్ వేస్తే పిండి చల్లినట్టు తెల్లచుక్కలు. వచ్చే నెల మళ్లీ అండమాన్ పోతున్నా, ఏం మార్చాల?

కడప_కెమెరా:
నీళ్లు ముందు ఎరుపునే మింగుతాయి తమ్ముడూ, 5 మీటర్లు దాటితే పెద్దగా మిగలదు. రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చెయ్యని పచ్చి ఫైలు) తియ్, రంగు తర్వాత సరిచేసుకోవచ్చు. ఫ్లాష్ లేకుంటే తెల్ల పలకకు గురిపెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల సర్దుబాటు) పెట్టుకో, లోతు మారినప్పుడల్లా మళ్లీ పెట్టాల.
చుక్కలకు కారణం లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్. మధ్యలో తేలే నలుసులన్నీ వెలిగిపోతాయి. విడి స్ట్రోబ్ (నీళ్లలో వాడే విడి ఫ్లాష్) తీసుకుని, ఆర్మ్‌తో (కడ్డీతో) పక్కకు దూరంగా, పోర్ట్ (లెన్స్ ముందుండే హౌసింగ్ అద్దం) కంటే కాస్త వెనక్కి పెట్టి, మొహం కొంచెం బయటికి తిప్పు. లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ వేగం 1/125 సెకను, వెలుతురుకు స్పందించే ఐఎస్‌ఓ 200తో మొదలుపెట్టు. చేప మీటరు లోపలుంటేనే నొక్కు. జూమ్ జోలికి పోవద్దు.

అనంతపురం_డైవర్:
అదంతా సరే, ఓ-రింగ్ (హౌసింగ్ మూతకుండే రబ్బరు వలయం) చూసినావా? నీళ్లు దూరడానికి ఒక్క వెంట్రుక చాలు. కెమెరా లేకుండా ఖాళీ హౌసింగ్‌లో టిష్యూ వేసి బకెట్లో అరగంట ముంచు, టిష్యూ తడిస్తే లీకున్నట్టే. ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు పైపైన మెరిసేంతే, ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది. అక్కడి ఉక్కకు లోపల ఆవిరి పడుతుంది, ఏసీ గదిలోనే మూసి సిలికా జెల్ పొట్లం వెయ్.

కడప_కెమెరా:
పగడాన్ని పట్టుకుని నిలబడొద్దు, అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) తగిలి ఇసుక లేచిందా, చుక్కల కథ మళ్లీ మొదటికే.