కోడ్ కామెంట్లలో స్పెల్లింగ్ తప్పులు దిద్ది పంపితే సాయమా, భారమా?

కానూరు_థర్డ్‌ఇయర్

అందరికీ నమస్కారం. కానూరులో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. సి భాషలో రాసిన ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీని మా మినీ ప్రాజెక్టులో వాడాం. దాని సోర్స్ చదువుతుంటే కామెంట్ల (కోడ్ పక్కన మనుషుల కోసం రాసే వివరణల) నిండా స్పెల్లింగ్ తప్పులే. 'రిసీవ్' అన్న మాటనే మూడు రకాలుగా రాశారు. ఓపిగ్గా కూర్చుని ముప్పై పైచిలుకు ఫైళ్లలో అన్నీ దిద్ది, నా మార్పులు కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ (పీఆర్) పెట్టాను. కోడ్‌ని ముట్టుకోలేదు. మర్నాడే ఆ ప్రాజెక్టుని చూసుకునే మెయింటెయినర్ దాన్ని మూసేశారు. "థాంక్స్, కానీ కామెంట్లలో స్పెల్లింగ్ మార్పులు మేం తీసుకోం" అని ఒక్క వాక్యం రాశారు, అంతే.

ఇలాంటివి రెజ్యూమెలో పెడితే ఇంటర్వ్యూలో పరువు పోతుందని మా సీనియర్లు అంటున్నారు. నాకు మాత్రం మింగుడుపడటం లేదు. తప్పని అందరూ ఒప్పుకునేదాన్ని దిద్ది చేతిలో పెడితే వద్దనడం ఏమిటి? నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాలాంటివాళ్లకి ఇంగ్లీషు కామెంటు సరిగ్గా ఉన్నప్పుడే రెండుసార్లు చదవాల్సి వస్తుంది. తప్పుగా ఉన్న మాటని డిక్షనరీలో ఎక్కడని వెతుక్కోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, నేను చేసింది నిజంగా పనికిరాని పనేనా?

గన్నవరం_బ్యాకెండ్

తమ్ముడూ, నీ ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ ఆ మెయింటెయినర్ చేసింది సరైన పనే అంటాను. ఒక చిన్న లైబ్రరీని సెలవురోజుల్లో చూసుకునేవాడిగా చెబుతున్నాను.

ముందు రివ్యూ సంగతి. "కోడ్ ముట్టుకోలేదు" అని నువ్వు రాశావు. ఆ మాట నమ్మి మెర్జ్ (కలుపుకునే) బటన్ నొక్కే హక్కు నాకు లేదు. ముప్పై ఫైళ్ల మధ్యలో ఎక్కడో ఒక ప్లస్సు మైనస్సు అయిందేమో ప్రతి వరుసా చూడాలి. నీకు ఒక సాయంత్రం పట్టిందనుకో, నాకూ ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రం నిజమైన బగ్ ఒకటి ఆగిపోతుంది.

రెండోది గిట్ బ్లేమ్. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఏ వరుస ఎవరు, ఏ మార్పులో రాశారో చూపేది అదే. ఒక వరుసలో లెక్క ఉంటుంది, దాని చివర కామెంటు ఉంటుంది. ఆ లెక్కలో ఒకటి ఎందుకు తగ్గించారో తెలియాలంటే బ్లేమ్ తెరిచి ఆ వరుస రాసిన మనిషి కమిట్ (నమోదు చేసిన మార్పు) మెసేజ్ చదువుతాం. నువ్వు ఆ కామెంటులో ఒక్క అక్షరం మార్చావా, ఇకమీదట ఆ వరుస మీద నీ పేరూ, "స్పెల్లింగ్ సవరణ" అన్న మెసేజూ కనిపిస్తాయి. అసలు మనిషిని పట్టుకోవాలంటే ఇంకో మెట్టు వెనక్కి తవ్వాలి. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి ఇలాంటి కమిట్లను బ్లేమ్‌లో దాటవేసే ఏర్పాటు ఉంది, నిజమే. కానీ ఆ జాబితాని ఎవరో ఒకరు రాసి పెట్టాలి, వాడే ప్రతివాళ్లూ తమ మెషీన్‌లో సెట్ చేసుకోవాలి.

అన్నిటికన్నా నొప్పి మూడోది. పాత వెర్షన్ల బ్రాంచిలు (విడి కోడ్ శాఖలు) నడుస్తూ ఉంటాయి. మెయిన్‌లో కామెంటు మారి పాత బ్రాంచిలో మారకపోతే, రేపు ఒక సెక్యూరిటీ ఫిక్స్‌ని చెర్రీ-పిక్ చేసేటప్పుడు, అంటే ఆ ఒక్క మార్పునే పాత బ్రాంచికి తెచ్చేటప్పుడు, చుట్టూ ఉన్న వరుసలు కలవక కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి కేంద్రభాగమైన కెర్నెల్ స్టేబుల్ (విడుదలైన వెర్షన్ల) బ్రాంచి నియమాల్లో స్పెల్లింగ్ మార్పులు, ఖాళీల సర్దుబాట్లు లాంటి చిల్లర సవరణలు ఉండకూడదని స్పష్టంగా రాసి పెట్టారు. అక్కడున్నవాళ్లకి భాష అంటే గౌరవం లేక రాసిన నియమం కాదది.

పటమట_జావా

కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ కామెంట్లు చదవదు కదండీ. నడిచే ప్రోగ్రాంలో తేడా ఏమీ లేనప్పుడు ఇంత చర్చ దేనికి? ఉన్నది ఉన్నట్టు వదిలేయొచ్చు.

బ్రాడీపేట_4/14

చదవదు అనేది పూర్తి నిజం కాదండీ. ఈ చర్చంతా ఆ ఒక్క చోటే దారి తప్పుతోందని నా నమ్మకం.

2017లో వచ్చిన జీసీసీ 7 అనే సి కంపైలర్ చూడండి. అదనపు హెచ్చరికలు ఆన్ చేస్తే, స్విచ్‌లో (చాలా దారుల్లో ఒకటి ఎంచుకునే చోట) ఒక కేసు నుంచి బ్రేక్ లేకుండా కిందికి జారితే హెచ్చరిస్తుంది. అక్కడ "ఫాల్ త్రూ" అని కామెంటు ఉంటే హెచ్చరిక మానేస్తుంది. చివర 'టి-హెచ్-ఆర్-యు' అని పొట్టిగా రాసినా ఒప్పుకుంటుంది. తెలియనివాడు ఇంకేదో రూపంలోకి "దిద్దితే" బిల్డ్‌లో కొత్త హెచ్చరిక పుడుతుంది. గో భాషలో ఏ ఫైలు ఏ సిస్టమ్‌కి కంపైల్ కావాలో చెప్పేది కామెంటే. గోలో సి కోడ్ కలిపే సీ-గో వాడే ఫైళ్లలో ఇంపోర్ట్ మీద ఉండే కామెంటు అచ్చంగా సి కోడే, అది కంపైల్ అవుతుంది. పైథాన్‌లో డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ గురించి రాసే వివరణ) లోపలి ఉదాహరణల్ని డాక్‌టెస్ట్ అనే పరికరం నడిపి చూస్తుంది. కాబట్టి వెతికి-మార్చు పద్ధతిలో మొత్తం ప్రాజెక్టు మీద ఒక దెబ్బ వేయడం ప్రమాదమే. ఈ విషయంలో గన్నవరం గారితో ఏకీభవిస్తాను.

అయితే యంత్రం సంగతి అలా ఉంచి, మనుషుల సంగతి చెప్పనివ్వండి. నేను సాఫ్ట్‌వేర్ మెనూలను తెలుగులోకి అనువదించే స్వచ్ఛంద కార్యకర్తని. అనువాదాల కోసం గెట్‌టెక్స్ట్ అనే పరికరం వాడే ప్రోగ్రాముల్లో ప్రోగ్రామర్ అనువాదకుల కోసమని కామెంటు రాస్తే, అందులోని ఎక్స్‌గెట్‌టెక్స్ట్ దాన్ని సోర్స్ నుంచి తీసి మా పీఓ (అనువాదాల) ఫైల్లో వాక్యం పైన పెడుతుంది. మాకు కోడ్ కనిపించదు, స్క్రీన్ కనిపించదు. ఖాళీలున్న వాక్యం, దాని మీద ఆ ఒక్క కామెంటు, అంతే. ఏ ఖాళీలో ఫైలు పేరు వస్తుందో, ఏ ఖాళీలో ఫోల్డర్ పేరు వస్తుందో అదే చెప్పాలి. మన వాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది కాబట్టి ఆ ఖాళీల వరుస మేం తిప్పాలి. ఒకసారి ఆ కామెంటులో 'నుంచి' అనే అర్థమిచ్చే 'ఫ్రమ్' బదులు 'ఫారమ్' అని పడింది. ఫారమ్ అంటే ఏ ఫారమో, ఎవరి పేరో మా బృందంలో ఎవరికీ తేలలేదు. ఊహించి రాయడం ఇష్టంలేక పక్కన పెట్టాం. ఆ విడుదలలో ఆ వాక్యం ఇంగ్లీషులోనే వెళ్లింది. కంప్యూటర్‌లో తెలుగు కావాలని కోరుకున్న మనిషికి ఆ ఒక్క అక్షర దోషం వల్ల తెలుగు దక్కలేదు. దీన్ని చిల్లర అని నేననలేను.

దీనికి ఎదురు సంగతీ ఉంది. కామెంటు కాకుండా స్క్రీన్ మీద కనిపించే ఇంగ్లీషు సందేశంలోనే ఒక అక్షరం దిద్దారనుకోండి. గెట్‌టెక్స్ట్ దృష్టిలో అది కొత్త వాక్యం. పాత తెలుగు అనువాదం 'ఫజీ' అయిపోతుంది, ఎవరైనా మళ్లీ చూసి ఒప్పుకునేదాకా ప్రోగ్రాం దాన్ని చూపించదు. విడుదలకి ముందురోజు ఎవరో మంచి మనసుతో ఒక కామా సర్దితే తెలుగు, తమిళం, మరాఠీ అన్నీ ఆ వాక్యానికి మాయమవుతాయి. అందుకే విడుదల దగ్గరపడ్డాక స్ట్రింగ్ ఫ్రీజ్ (స్క్రీన్ వాక్యాలు ఇక మార్చకూడదన్న కట్టడి) పెడతారు. దిద్దడం మంచిదే, కానీ ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలిసి దిద్దాలి.

ఇంకొకటి. స్పెల్లింగ్ చెకర్‌కి దొరికే తప్పులు చాలావరకు నిరపాయమైనవి. ఎన్ని అక్షరాలు అటూ ఇటూ అయినా 'రిసీవ్' రిసీవే అని చదివేవాడు పోల్చుకుంటాడు. "ఈ ఫంక్షన్‌ని ఒకేసారి రెండు థ్రెడ్ల నుంచి పిలవడం క్షేమం కాదు" అని రాయబోయి 'నాట్' బదులు 'నౌ' అని కొడితే? టి బదులు డబ్ల్యూ. ఏ చెకరూ పట్టదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే. అర్థం మాత్రం తలకిందులు. అలాంటిది పట్టుకోవాలంటే కోడ్‌ని చదివి అర్థం చేసుకోవాల్సిందే. తమ్ముడూ, ముప్పై ఫైళ్లు చదివానన్నావు. వాటిలో ఇలాంటిది ఒక్కటి దొరికినా దాన్ని విడిగా పంపు, ఎవరూ కాదనరు.

ఏలూరురోడ్డు_ప్రూఫు

నేను కోడ్ రాసేవాణ్ని కాను. విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాలకి ప్రూఫులు దిద్దేవాణ్ని, ఇప్పుడు ఒక కంపెనీకి మాన్యువల్స్ రాస్తున్నాను. డాక్సిజన్, జావాడాక్ లాంటి పరికరాలు కామెంట్లనే ఏరి డాక్యుమెంటేషన్ పేజీలుగా తయారుచేస్తాయి. అంటే మీరు "లోపలి కామెంటు" అనుకునేది నా చేతిలో అచ్చయిన పేజీ అవుతోంది. అందులో ముద్రారాక్షసాలు ఉంటే చదివేవాడికి మొత్తం ఉత్పత్తి మీదే అనుమానం వస్తుంది.

ప్రూఫుల్లో మేం నేర్చుకున్నది ఇదీ: మొదటి ప్రూఫులో ఎన్ని దిద్దుబాట్లయినా పెట్టొచ్చు, అచ్చు ఫారం మెషీనెక్కాక అర్థం చెడిన తప్పుకే ఆపాలి, మిగతావి తర్వాతి ముద్రణకి. ఆ మొదటి ప్రూఫు దాటిపోయిన తప్పులు మీ రంగంలో ఎంత గట్టిపడతాయో చూడండి. మన బ్రౌజర్ ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే 'రెఫరర్' హెడర్‌లో ఒక 'ఆర్' తక్కువ. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1945 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో అది అలాగే నమోదైంది, ఇవాళ్టికీ ప్రతి వెబ్‌సైటూ అదే తప్పుని మోస్తోంది. తర్వాత వచ్చిన రెఫరర్-పాలసీ హెడర్‌ని సరైన స్పెల్లింగ్‌తో పెట్టారు కాబట్టి ఇప్పుడు రెండు రూపాలూ గుర్తుపెట్టుకోవాలి. అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో యూ+ఎఫ్‌ఈ18 అనే చిహ్నం పేరులో 'బ్రాకెట్' అక్షరాలు తారుమారయ్యాయి. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదని యూనికోడ్ నియమం. అందుకని తప్పు పేరు ఉంచి, పక్కన సరైన పేరుని మారుపేరుగా చేర్చారు.

అవి పేర్లు, కామెంట్లు కావని నాకు తెలుసు. కానీ ఈరోజు కామెంటులో ఉన్న తప్పు మాటనే రేపు ఒకడు ఫంక్షన్ పేరుగా కాపీ చేస్తాడు.

యార్డు_బిల్లింగ్

ఏలూరు రోడ్డు గారి చివరి వాక్యం మా దగ్గర నిజంగా జరుగుతూనే ఉంటుంది. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలకి, కమీషన్ వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. మా కామెంట్లు సగం ఇంగ్లీషు, సగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. మిర్చి టిక్కీని (బస్తాని) ఒకరు రెండు 'కె'లతో రాశారు, ఒకరు 'సి-కె'తో రాశారు, చివర ఒకరు 'ఐ' పెడితే ఒకరు 'వై' పెట్టారు. హమాలీ అయితే చెప్పనక్కర్లేదు.

ఒక క్లయింట్ టిక్కీకి ఇచ్చే హమాలీ రేటు మార్చమన్నారు. మా కుర్రాడు గ్రెప్ చేసి (ఫైళ్లన్నిటిలో ఆ మాట వెతికి) దొరికినచోటల్లా మార్చాడు. వేరే స్పెల్లింగ్‌తో ఉన్న చోటు గ్రెప్‌కి దొరకలేదు. ఒక రిపోర్టులో పాత రేటు, మిగతావాటిలో కొత్త రేటు వచ్చి, లెక్క తేలక వాళ్ల గుమస్తా రెండు రాత్రులు కూర్చున్నాడు. కామెంటు స్పెల్లింగ్ ఒకటిగా ఉంటే ఆ చోటు కనపడేదే.

గన్నవరం_బ్యాకెండ్

యార్డు గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కెర్నెల్ వాళ్ల నియమాల్లో కూడా, గ్రెప్‌కి దొరకకుండా చేసే స్పెల్లింగ్ తప్పుల్ని దిద్దొచ్చని చాలా ఏళ్లపాటు విడిగా రాసి ఉండేది. బ్రాడీపేట మేడమ్ చెప్పిన అనువాదకుల కామెంట్లూ అంతే, అవి వెంటనే దిద్దాల్సినవి.

నా బాధ వేరే చోట ఉంది. డిజిటల్ ఓషన్ కంపెనీ ఓపెన్ సోర్స్ కోసం నడిపిన 2020 హాక్టోబర్‌ఫెస్ట్ గుర్తుందా? అక్టోబరులో నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్ట్. మొదటి రోజునే రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం) ఫైళ్లలో ఒక విశేషణం చేర్చి, ఒక ఖాళీ తీసి, వేలాదిగా తోసేశారు. మెయింటెయినర్లు గగ్గోలు పెడితే అక్టోబరు 3న డిజిటల్ ఓషన్ నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్కిస్తామని చెప్పింది. ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు రిపాజిటరీలో మన దేశపు విద్యార్థులు ఒక పాఠం చూసి రీడ్‌మీలో తమ పేర్లు చేరుస్తూ పీఆర్‌లు పెట్టిన సంగతి కూడా చూశాం. ఆ తర్వాత మన పిల్లల పేరు చూడగానే మెయింటెయినర్ అనుమానంగా తెరుస్తున్నాడు. కానూరు తమ్ముడి పీఆర్‌ని ఒక్క వాక్యంతో మూసేసిన మనిషి వెనకాల అలాంటివి ఎన్ని ఉన్నాయో మనకి తెలియదు. అది తమ్ముడికి అన్యాయమే. కానీ ఆ అన్యాయం మెయింటెయినర్ దగ్గర మొదలవలేదు.

కానూరు_థర్డ్‌ఇయర్

ఈ సంగతులేవీ మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. బ్రాడీపేట అక్కా, ఒకే పీఆర్ కాకుండా ఏం చేసుంటే బాగుండేది?

బ్రాడీపేట_4/14

ముందు ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో చర్చ) తెరిచి అడగాలి, ఇలాంటివి తీసుకుంటారా అని. చాలా ప్రాజెక్టులు కాంట్రిబ్యూటింగ్ ఫైల్లోనే చెబుతాయి. డాక్యుమెంటేషన్‌గా బయటికి వెళ్లే కామెంట్లు ఒక కమిట్, లోపలి కామెంట్లు ఇంకో కమిట్. కోడ్ వరుస చివర ఉన్న కామెంట్ల జోలికి వెళ్లకు, బ్లేమ్ గొడవ చాలావరకు అక్కడే పోతుంది. కోడ్‌స్పెల్ అనే పరికరం ఉంది. అది మొత్తం డిక్షనరీతో పోల్చదు, జనం మామూలుగా చేసే తప్పుల జాబితాతోనే పోలుస్తుంది, కాబట్టి వేరియబుల్ పేర్ల మీద పెద్దగా అరవదు. దాన్ని సీఐలో (మార్పు వచ్చినప్పుడల్లా తనిఖీలు నడిపే ఏర్పాటులో) కొత్తగా వచ్చే మార్పుల మీద మాత్రమే నడిపేలా పెట్టిస్తానని అడుగు. కెర్నెల్‌లో చెక్‌ప్యాచ్ అనే పరికరం కూడా ఒక తప్పొప్పుల జాబితా దగ్గర పెట్టుకుని ప్యాచ్‌ని (పంపిన మార్పుని) చూస్తుంది. పాతవాటిని ఆ ఫంక్షన్‌లో వేరే పని పడ్డప్పుడు దిద్దుకోవచ్చు.

గన్నవరం_బ్యాకెండ్

మేడమ్ చెప్పినట్టు వస్తే మెయిన్ బ్రాంచిలో నేను తీసుకుంటాను. స్టేబుల్‌లో మాత్రం తీసుకోను, ఆ మాట మార్చను. ఆ నాట్-నౌ లాంటిదైతే తప్ప. అది స్టేబుల్‌కి కూడా ఆ రోజే వెళ్లాలి.

ఏలూరురోడ్డు_ప్రూఫు

స్టేబుల్ వెర్షన్ మాన్యువల్ చదివేవాడు తప్పులతోనే చదవాలన్నమాట. నేను దీనికి ఒప్పుకోలేను. డాక్యుమెంటేషన్ కామెంట్లకి మినహాయింపు ఉండాలి.

కానూరు_థర్డ్‌ఇయర్

నిన్న రాత్రి నా మార్పులన్నీ మళ్లీ చూశాను. ఎక్కువ భాగం లోపలి కామెంట్లే, అవి వదిలేస్తున్నాను. హెడర్ ఫైళ్లలో డాక్సిజన్‌కి వెళ్లేవి కొన్ని ఉన్నాయి. ఒకచోట ఫంక్షన్‌ని పిలిచినవాడే బఫర్‌ని (తాత్కాలిక మెమరీని) ఫ్రీ చేయాలని కామెంటు చెబుతోంది, కోడ్ చూస్తే లైబ్రరీయే ఫ్రీ చేస్తోంది. స్పెల్లింగ్ అంతా సరిగ్గానే ఉంది, అందుకే మొదటిసారి దాటిపోయాను. ముందు దీని మీద ఇష్యూ తెరిచాను, ఇంకా జవాబు రాలేదు.