చెన్నైలో జూనియర్ లాయర్‌గా చేరాలి, సలహా కావాలి

ప్రశ్న: కొత్త సభ్యుడు, ఒంగోలు

అందరికీ నమస్కారం. ఈమధ్యే ఎల్‌ఎల్‌బీ పూర్తయింది. వచ్చే నెల చెన్నై వస్తున్నాను. ఫోన్ తెరిస్తే చాలు, పెద్దపెద్దవాళ్ల కెరీర్ సలహాలే. నచ్చిన పని చేస్తే డబ్బు అదే వస్తుందని ఒకరు, వారానికి 70 గంటలు కష్టపడాలని ఇంకొకరు. ఇంట్లో నాన్న మాత్రం "నెలకెంత వస్తుందిరా?" అంటున్నారు. హైకోర్టులో సీనియర్ దగ్గర చేరాలా, కంపెనీలో కాంట్రాక్టులు చూసే ఉద్యోగం పట్టుకోవాలా? తమిళం రాదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ప్యారిస్ కార్నర్

తమ్ముడూ, వాళ్లందరిలో పనికొచ్చే ప్రశ్న అడిగింది మీ నాన్నగారే. 70 గంటల మాట 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్నది. ఆయన కష్టపడింది తాను పెట్టిన కంపెనీ కోసం. ఇక్కడ జూనియర్లకు పని గంటల కొరత ఎప్పుడూ లేదు, జీతం మాటెత్తే సీనియర్లే కరువు. అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ 2022లో ఆడవాళ్లకు లేచి పని చేయండని, ఈ రోజుల్లో ఎవరికీ పని చేయాలని లేదని క్లాసు పీకింది. ఆవిడే లా కాలేజీకి వెళ్లకుండా లాయర్ల దగ్గర ఆరేళ్లు చదువుకుని, 2025 జులైలో కాలిఫోర్నియా బార్ పరీక్ష, అంటే లాయర్ లైసెన్సు పరీక్ష, తప్పింది. మళ్లీ రాస్తానంది. తప్పకుండా రాస్తుంది, ఇంటద్దె బెంగ లేదుగా! పట్టుదలను తప్పుపట్టను గానీ, ఆ సలహా నీకు సరిపడదు.

2024 జూన్‌లో మద్రాస్ హైకోర్టు చెన్నై, మదురై, కోయంబత్తూర్‌లలో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు, మిగతా చోట్ల 15,000 ఇవ్వాలంది. అదే ఏడాది అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా నగరాల్లో 20,000 ఇమ్మంది, కాకపోతే అది సిఫార్సు మాత్రమే. చేతికొచ్చేది ఛాంబర్‌ని, అంటే నువ్వు చేరే సీనియర్ ఆఫీసుని, బట్టి ఉంటుంది. కాబట్టి చేరే రోజే అడుగు. "ముందు పని నేర్చుకో, డబ్బు తర్వాత చూద్దాం" అంటే, ఆ తర్వాత ఎన్ని నెలలకో కూడా అడుగు. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

మొదట్లో నీకు వాదనలు ఉండవు. వేసిన పిటిషన్‌కి ముందు ఎస్‌ఆర్ నంబర్ అనే తాత్కాలిక నంబర్ పడుతుంది. తర్వాత కోర్టు ఆఫీసు స్క్రూటినీలో పేజీ నంబర్లు తప్పనో, జిరాక్స్ సరిగా కనపడట్లేదనో రిటర్న్ చేస్తారు. గడువులోగా సరిచేసి మళ్లీ పెట్టాలి, అప్పుడే కేస్ నంబర్. రిటర్న్ రాకుండా కాగితాలు కట్టగలిగిన జూనియర్‌ని ఏ సీనియరూ వదులుకోడు.

తమిళం సంగతి. హైకోర్టులో నడిచేది ఇంగ్లీషే. ఎగ్మూర్, సైదాపేట మేజిస్ట్రేట్ కోర్టుల్లో సాక్షి నోరు విప్పాడంటే తమిళమే, అక్కడ నెట్టుకురాలేవు. ఆరు నెలల్లో వింటే అర్థమయ్యేంత భాష వచ్చేస్తుందిలే.

అయితే నీ తెలుగుకి కూడా ఇక్కడ గిరాకీ ఉంది. మీ ఒంగోలులో పెరిగిన ప్రకాశం పంతులు గారు బారిస్టరుగా ప్రాక్టీసు చేసింది ఈ హైకోర్టులోనే. అప్పట్లో ఆంధ్ర అప్పీళ్లన్నీ ఇక్కడికే వచ్చేవి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టాక ఆ రాకపోకలు ఆగాయి. ఇప్పుడు ట్రిబ్యునళ్ల వల్ల కొన్ని మళ్లీ వస్తున్నాయి. కంపెనీల వివాదాలు చూసే హైదరాబాద్, అమరావతి ఎన్‌సీఎల్‌టీ తీర్పుల మీద అప్పీలు దాని పై ట్రిబ్యునల్ అయిన చెన్నై ఎన్‌సీఎల్‌ఏటీకే రావాలి. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ కూడా చెన్నైలోనే, అందులో రెండు తెలుగు రాష్ట్రాల కేసులుంటాయి. ఈ కేసుల్లో పంచాయతీ తీర్మానం, అడంగల్, తహసీల్దార్ నోటీసు అన్నీ తెలుగులో వస్తాయి. వాటిని చదివి, ఇంగ్లీషులోకి మార్చి, క్లయింట్‌తో ఫోన్లో మాట్లాడేవాడు కావాలి. అలాంటి కేసులు చూసే సీనియర్‌ని వెతుక్కో. పేరున్న ఛాంబర్‌లో పదో జూనియర్‌గా నిలబడే కన్నా అది మేలు.

జవాబు: షోలింగనల్లూర్

నేను కంపెనీ వైపు ఉన్నాను తమ్ముడూ. జీతం ఒకటో తారీఖుకి పడుతుంది, అబద్ధం చెప్పను. కానీ మామూలు కాంట్రాక్టులు మొదటి విడత చదివే పని ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది, ఫ్రెషర్లకు మిగిలేది తక్కువ. ఇంకో మెలిక ఉంది. ఫుల్‌టైమ్ జీతం మీద చేరితే ప్రాక్టీసు ఆపినట్టు బార్ కౌన్సిల్‌కి తెలపాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడేళ్లలో కంపెనీ ఉద్యోగం లెక్కకు రాదు. జడ్జి అవ్వాలని మనసులో ఏమూలనైనా ఉంటే ముందు కోర్టుకే వెళ్లు. మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక పేరు నమోదు) తేదీ నుంచే లెక్క కాబట్టి ఆ పని వాయిదా వేయకు, లాయర్లకు బార్ కౌన్సిల్ పెట్టే ఏఐబీఈ పరీక్ష తర్వాత రాసుకోవచ్చు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టే అంది. పైన ఇంకేదైనా అడిగితే రసీదు తీసుకో.

జవాబు: ట్రిప్లికేన్

గది కోసం ముందు మా వైపు మేన్షన్లు, అంటే బ్యాచిలర్ల లాడ్జిలు, చూడు తమ్ముడూ. అడ్వాన్స్ తక్కువ, కోర్టుకి బస్సులుంటాయి. దూరంగా ఉండాల్సొస్తే బ్లూ లైన్ మెట్రో పక్కన చూసుకో, హైకోర్టు స్టేషన్‌లో దిగొచ్చు. రెండు నల్లకోట్లు ఊళ్లోనే కుట్టించుకుని రా, ఈ ఉక్కపోతకు ఒక్కటి చాలదు.