అల్యూమినియం ట్యూబ్ ఫ్లేర్ చేస్తుంటే (కొసను గరాటులా వెడల్పు చేస్తుంటే) అంచు చీలుతోంది, ఏం చేయాలి?

నాన్నగారి పాత జీపుకి పెట్రోలు పైపు కొత్తగా వేస్తున్నాను. 3/8 అంగుళాల అల్యూమినియం ట్యూబ్, 6061-టి6 అనే గట్టి రకం. ఏసీ మెకానిక్‌లు రాగి పైపులకు వాడే 45 డిగ్రీల టూల్ ఇంట్లో ఉంది కానీ, నా ఫిట్టింగులు 37 డిగ్రీలవి. అందుకే ఆ కోణం టూల్ వేరే తెప్పించాను. కట్టర్‌తో నిదానంగా కోసి, లోపలి బర్రు (కోతకు మిగిలిన గరుకు అంచు) తీసి, టూల్ కోన్‌కి చుక్క నూనె రాసి తిప్పినా నాలుగింటిలో మూడు అంచులకు సన్నటి చీలిక వస్తోంది. పారేది పెట్రోలు కదా, చెమ్మ కనిపించినా టెన్షనే.

సబ్బు పూసి, అది నల్లబడేదాకా గ్యాస్ టార్చి మంటతో వేడి చేస్తే లోహం మెత్తబడుతుందని ఒకాయన చెప్పారు. అలా చేస్తే అక్కడ పైపు బలం బాగా తగ్గిపోదా? లేక మెత్తటి 5052-ఓ ట్యూబే కొనుక్కోవాలా? హైదరాబాదులో అది మీటర్ల లెక్కన ఎక్కడ దొరుకుతుంది? స్వయంగా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.