అపార్ట్‌మెంట్ మేడ మీద ఉమ్మడి కూరల తోట: మనుషులు కలుస్తారా, కొట్టుకుంటారా?

పెరటిపిచ్చి (వైట్‌ఫీల్డ్, బెంగళూరు): మా మేడ మీద సగం జాగా కూరగాయలకి ఇవ్వమని అసోసియేషన్‌ని అడుగుతున్నాం. గ్రో బ్యాగుల్లో గోంగూర, చుక్కకూర, వంగ, టమాటా. పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలియని చోట మనుషులు కలవడానికి ఇదే మంచి దారి అంటాను. మీరేమంటారు?

టాప్‌ఫ్లోర్ బాధితుడు: వద్దంటాను. మీరు పైన నీళ్లు పోస్తే నా సీలింగ్ చెమ్మెక్కుతుంది. ఘనపుటడుగు తడి మట్టి దాదాపు 50 కేజీలుంటుంది, తెలుసా? పైగా 2024 మార్చిలో తోటలకి తాగునీళ్లు వాడితే 5,000 రూపాయల జరిమానా అని నీళ్ల బోర్డే చెప్పింది.

పెరటిపిచ్చి: బోర్డు వద్దన్నది తాగునీళ్లు. బియ్యం కడిగిన నీళ్లు, ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే నీళ్లు కాదు. మట్టి తగ్గించి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్టు ఎక్కువ కలిపితే బరువూ బాగా తగ్గుతుంది. ఈ ఊళ్లో మేడ తోటల వాళ్లు 2011లోనే ‘ఊట ఫ్రమ్ యువర్ తోట’ (కన్నడలో ఊట అంటే భోజనం) అని సంత మొదలుపెట్టారు. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

అద్దెకాపు (మారతహళ్లి): కలిసేది ఓనర్లు. మాది 11 నెలల అగ్రిమెంటు, మీటింగులో ఓటు లేదు, మేడ తాళం సెక్రటరీ దగ్గర. నేను కరివేపాకు నాటితే కోసుకునేది నా తర్వాత వచ్చేవాళ్లు. ఇంకో మాట. పొద్దున్నే బండి మీద సొప్పు, అంటే ఆకుకూరలు, అమ్మే ఆవిడ కూడా ఈ వీధి మనిషే కదా? ఆమె దగ్గర రెండు కట్టలు కొంటే ఆ బంధం బలపడదా?

కేఆర్‌పురం అక్క: బాబూ, రెండూ చేయొచ్చు. మేడ మీద పండేది చారుకీ పచ్చడికీ సరిపోతే గొప్ప, ఆవిడ బేరం ఎక్కడికీ పోదు. మా బిల్డింగులో తగువు వచ్చింది నీళ్ల దగ్గర కాదు, కోత దగ్గర. పండగ ముందు రోజు గోంగూర మొత్తం ఎవరో దూసుకుపోయారు! 2023 జులైలో టమాటా కేజీ వంద దాటినప్పుడైతే మా మేడకి కొత్త చుట్టాలు పుట్టుకొచ్చారు. బ్యాగులు ఇంటికిన్ని అని పంచితే మళ్లీ ఎవరి గోడ వాళ్లదే. అందుకే పని వంతులు వేసుకున్నాం. వంతు చేసినవాళ్లకే కోత, అద్దెవాళ్లైనా సరే. నిజానికి మమ్మల్ని కలిపింది కంపోస్టు డబ్బా. తొక్కలు అందరింట్లోనూ ఉంటాయిగా.

టాప్‌ఫ్లోర్ బాధితుడు: వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు తోటవాళ్లదని రాసివ్వండి, ఓటేస్తాను. లేదా పార్కింగ్ పక్కన వేసుకోండి.

పెరటిపిచ్చి: అక్కడ ఎండ రెండు గంటలే అండీ. టమాటాకి కనీసం ఆరు కావాలి. ఖర్చు సంగతి ఆదివారం మీటింగులో పెడతాను.