రైల్వే సిగ్నలింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పుకి కూడా అంత ఖర్చెందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంతకల్లు. నాన్న సిగ్నల్ మెయింటెయినర్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు రిలే రూమ్ బయట నిలబడితే లోపల రిలేలు (సిగ్నళ్ళని నడిపే విద్యుత్ స్విచ్‌లు) టకటకలాడేవి. ఆ గదికి రెండు తాళాలు: ఒక తాళంచెవి స్టేషన్ మాస్టర్ దగ్గర, ఇంకోటి నాన్న దగ్గర.

ఇప్పుడు అనంతపురంలో బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుకి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ (రైళ్ళు ఒకదాని దారిలోకి ఒకటి రాకుండా సిగ్నళ్ళనీ పాయింట్లనీ కలిపి నడిపే కంప్యూటర్ వ్యవస్థ) తీసుకున్నాను. యార్డులో ఒక్క పాయింటు (రైలుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్ళించేది) కొత్తగా వేసినా లాజిక్ మార్చి, రైళ్ళు వెళ్ళే రూట్లన్నీ మళ్ళీ పరీక్షించాలని నాన్న అంటారు. ప్రాణాల సంగతి కాబట్టి అది తప్పదు, ఒప్పుకుంటాను.

మరి డబ్బు ఎక్కువ ఎక్కడ పడుతుంది? కోడ్‌కా, టెస్టింగ్‌కా, రైళ్ళు ఆపి వైరింగ్ మార్చే ఆ కొద్ది గంటలకా? బటన్లతో నడిచే పాత సిగ్నల్ ప్యానెల్‌కి కవచ్ (రైళ్ళు ఢీకొనకుండా తానే బ్రేకు వేసే వ్యవస్థ) కలిపేటప్పుడు ఏది కష్టం? ఈ పని చేతులతో చేసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి. రెండు మాటలైనా చాలు.