అక్టోబర్‌లో ఆకుల రంగులు చూడటానికి నల్లమల పోవచ్చా?

నీలగిరి_బండి:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ. మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. అక్టోబర్ వచ్చిందంటే చాలు, ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలే ఫొటోలు. ఎర్ర చెట్లు, పసుప్పచ్చ చెట్లు, వాటి కింద బావ, పిల్లలు, కుక్క. పోయినసారి అమ్మ అవన్నీ చూసి "మన దగ్గర ఇట్లాంటి చెట్లే లేవా బిడ్డా" అని అడిగింది. నల్లమల ఉంది కదమ్మా, దసరా సెలవుల్లో తీసుకపోతా అని మాటిచ్చేశాను. ఇప్పుడు మా ఆవిడ అడుగుతోంది, అసలు అక్కడ అప్పుడు ఆకులు రంగు మారతాయా లేక నువ్వు ఊరికే అన్నావా అని. నిజం చెప్పాలంటే ఊరికే అన్నాను.

ప్లాన్ ఏమిటంటే, పొద్దున్నే బయల్దేరి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం రోడ్డెక్కి, మన్ననూరు దగ్గర అడవి చూసుకుంటూ సాయంత్రానికి శ్రీశైలం, మర్నాడు వాపస్. కారులో మేమిద్దరం, అమ్మ, ఇద్దరు పిల్లలు. అమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లు కష్టం. అటువైపు తెలిసినవాళ్లు చెప్పండి, రంగులు కనిపిస్తాయా? ఏ వారం అయితే బాగుంటుంది? తిట్టేవాళ్లు కూడా తిట్టొచ్చు.

అచ్చంపేట_అంచున:

తిట్టేదేం లేదు తమ్మీ, కానీ అక్టోబర్‌లో వస్తే నీకు కనిపించేది ఒక్కటే రంగు, పచ్చ. వానలు అప్పుడే వెనక్కి తగ్గి ఉంటాయి, అడవి అంతా కమ్ముకొని రోడ్డు మీదికి వంగి ఉంటుంది. అది కూడా చూడాల్సిందే, కాదనను. అమ్మ అడిగింది మాత్రం అది కాదు.

బళ్లో మనకు ఆటమ్ అంటే శరదృతువు అని చెప్పారు చూడు, తికమక అక్కడే మొదలైంది. శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం, మనకు అది వెన్నెల కాలం. ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అంటే ఫిబ్రవరి, మార్చి. వాళ్లకు చలి వచ్చి ఆకు రాలుతుంది, మనకు నేలలో తడి పోయి రాలుతుంది. నీళ్లు లేనప్పుడు ఆకులుంటే చెట్టు ఒంట్లో ఉన్న తడి కూడా ఆవిరైపోతుంది కాబట్టి చెట్టు తానే వదిలేస్తుంది. సంక్రాంతి దాటాక మొదలై, హోలీ నాటికి కొండలన్నీ కట్టెపుల్లల్లాగా నిలబడతాయి.

ఇంకో మాట. దసరాకి మన్ననూరు వైపు టేకు చెట్లు గోధుమరంగులో కనిపిస్తే మురిసిపోయి ఫొటోలు తీయకు, అది పురుగు పని. ఆకులో మెత్తటి భాగమంతా తినేసి ఈనెలు మాత్రమే వదులుతుంది. చేతిలోకి తీసుకొని ఎండకు అడ్డం పెడితే జల్లెడలాగా ఉంటుంది. మా తోటోడొకడు అదే ఫొటో పెట్టి "తెలంగాణలో ఫాల్ కలర్స్" అని రాస్తే మూడొందల లైకులు వచ్చాయి, నేనేం అనలేదు.

అసలు రంగు చూడాలంటే ఫిబ్రవరి ఆఖరు. చిరుమాను ఆకులు రాలేముందు రాగిరంగుకి తిరుగుతాయి, కొండవాలు మీద ఆ చెట్లన్నీ ఒకచోట ఉంటే పొద్దు వాలేటప్పుడు చూడాలి, నేను చెప్తే తెలియదు. కొండగోగు ఒక్క ఆకు లేకుండా పసుప్పచ్చటి పూలు పూస్తుంది. బూరుగ అయితే చెప్పక్కర్లేదు, ఎర్రగా అరచేతంత పూలు, కింద పడితే టప్పుమని శబ్దం.

మిర్యాలగూడ_టు_వర్జీనియా:

మీ అక్క ఫొటోల వెనక ఉన్న కథ కూడా కొంచెం వినండి అన్నా. ఇక్కడ కూడా అది లాటరీయే. పగళ్లు చిన్నవైపోతుంటే చెట్టు పత్రహరితం తయారు చేయడం ఆపేస్తుంది. పసుపు, నారింజ రంగులు ఆకులో ముందునుంచీ ఉన్నవే, పచ్చదనం పోతే బయటపడతాయి. ఎరుపు మాత్రం చెట్టు అప్పటికప్పుడు కొత్తగా తయారు చేసుకునేది. పగలు మంచి ఎండ, రాత్రి మంచు పడనంత చలి, ఈ రెండూ వరసగా కొన్ని రోజులు కుదిరితేనే ఆ మేపుల్ చెట్లు అట్లా ఎర్రగా మండుతాయి. గట్టిగా ఒక గాలివాన వచ్చిందా, రాత్రికి రాత్రి మొత్తం నేలమీదే.

పైగా ఉత్తరాన ముందు, దక్షిణాన ఆలస్యం, కొండ పైన ముందు, కింద ఆలస్యం. ఉత్తరాన ఉండే వెర్మాంట్ వైపు అక్టోబర్ మొదట్లోనే అయిపోవస్తుంది, మా వర్జీనియాలో నడి అక్టోబర్ దాటాక గానీ అందుకోదు. అందుకే జనాలు వారాల ముందునుంచి ఏ కౌంటీలో ఎంత రంగు తిరిగిందో మ్యాపులు చూస్తూ కూర్చుంటారు, మన దగ్గర సాగర్ గేట్లు ఎన్ని ఎత్తారో చూసినట్టు.

మా అమ్మానాన్నలు వచ్చిన ఏడాది నాకు ఆఫీసులో సెలవు దొరకక నవంబర్ మొదటి వారంలో స్కైలైన్ డ్రైవ్‌కి తీసుకెళ్లాను. షెనండోవా పార్కులో కొండ వెన్ను మీద పోయే రోడ్డు, 105 మైళ్లు, అంటే దాదాపు 169 కిలోమీటర్లు. స్పీడు గంటకు 35 మైళ్లు దాటొద్దు. మేం పోయేసరికి పైన అన్నీ బోడి చెట్లే. ఎదురుగాలికి వణుకుతూ వ్యూపాయింట్ దగ్గర బల్ల మీద పులిహోర డబ్బా తెరిచాం, మా నాన్న చుట్టూ చూసి "దీనికోసం ఇంతదూరం ఎందుకురా, ఫాల్గుణంలో దేవరకొండ గుట్ట ఇట్లనే ఉంటది" అన్నాడు. ఆయన తప్పేం అనలేదు. కిందికి దిగి లోయలోకి వచ్చాక మాత్రం ఒక ఊరి చర్చి ముందు ఒకే ఒక మేపుల్ ఇంకా ఎర్రగా నిలబడి ఉంది, అమ్మ దాని కింద పావుగంట కూర్చొని నాలుగు ఆకులు ఏరుకొని పర్సులో పెట్టుకుంది. అవి ఇప్పటికీ మిర్యాలగూడలో దేవుడి పటం వెనక ఉన్నాయి, నల్లబడిపోయాయి గానీ పారేయనివ్వదు.

కాబట్టి నా సలహా, తారీఖు ముందు ఖాయం చేసుకోకండి. సెలవును బట్టి కాదు, చెట్టును బట్టి పోవాలి. నాకు ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది.

పాలమూరక్క:

తమ్ముడూ, దసరాకని మాటిచ్చావు కాబట్టి ఆ ట్రిప్ మానుకోకు. అక్టోబర్‌కి అక్టోబర్ సుఖం ఉంది. సీతాఫలాలు అప్పుడే, రోడ్ల పక్కన బుట్టల్లో పెట్టుకొని కూర్చుంటారు. మా బాలానగర్ పండు పేరు వినే ఉంటావు, కండ్లు బాగా విచ్చుకున్నవి ఏరుకో, మర్నాటికే పండుతాయి. కారు డిక్కీలో వేసి మరిచిపోతే సీట్లకు ఆ వాసన దీపావళి దాకా పోదు, అది నా అనుభవం.

అమ్మకు చూపించాల్సింది మాత్రం మోదుగ. దానికోసం అడవి లోపలికి కూడా పోనక్కర్లేదు, ఫిబ్రవరి చివర నుంచి హోలీ దాకా మన చెలకల గట్ల మీద, చెరువు కట్టల కింద ఎక్కడ చూసినా అదే. మామూలు రోజుల్లో ఆ చెట్టును ఎవరూ పట్టించుకోరు, వంకర మొద్దు, దుమ్ముపట్టిన ఆకు. ఆకులన్నీ వదిలేశాక ఒక్కసారిగా కొమ్మ కొమ్మకూ నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. పువ్వు దగ్గరికి తీసుకొని చూస్తే చిలక ముక్కులాగా వంగి ఉంటుంది, తొడిమ నల్లగా మఖమల్ ముక్కలాగా మెత్తగా ఉంటుంది. మా అమ్మమ్మ రాలిన పూలు ఏరుకొచ్చి రాత్రి వేడినీళ్లలో నానేస్తే పొద్దున్నకు నారింజరంగు నీళ్లు, హోలీకి మాకు అదే రంగు. బజారు రంగుల్లాగా కళ్లు మండవు, బట్టలకు అంటిన మరక మాత్రం పోదు. మీ అమ్మను అడుగు, విస్తరాకులు కుట్టిన చేతులైతే ఆ చెట్టును నీకంటే బాగా గుర్తుపడుతుంది.

ఇంకోటి, ఎవరూ అనరు గానీ నిజమైన ఎర్ర ఆకు చూడాలంటే బాదం చెట్టు చూడు. నల్లగొండలో ఏ బడి ఆవరణలోనో, ఏ క్వార్టర్ల ముందో ఉండనే ఉంటుంది. రాలేముందు ఆకు ఆకూ ఎర్రబడుతుంది, చలికాలం చివర్లో అయితే చెట్టు సగం పచ్చ సగం ఎరుపు. మనం దాని కింద చెప్పులు వదిలి, ఊడ్చలేక తిట్టుకుంటాం.

డిండి_కట్ట:

మల్లెలతీర్థం జలపాతం చెప్పలేదెవరూ. అక్టోబర్‌లో నీళ్లు బాగుంటాయి, ఫిబ్రవరిలో సన్నటి ధార కూడా అనుమానమే. కానీ మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పి వాళ్లకు వద్దే వద్దు.

అచ్చంపేట_అంచున:

అవును, ఆ మెట్లు దిగడం తేలికే, ఎక్కేటప్పుడు నాకే ఆయాసం వచ్చింది. అమ్మ ఉంటే ఫర్హాబాద్ వ్యూపాయింట్ నయం, అటవీ శాఖ జీపులోనే తీసుకెళ్తారు, పై నుంచి కొండలన్నీ వరసగా కనిపిస్తాయి. వానాకాలంలో మూసి మళ్లీ అక్టోబర్‌లో తెరుస్తారు కాబట్టి బయల్దేరే ముందు ఓసారి కనుక్కోండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదింటికి మూస్తే పొద్దున ఆరింటికే తెరిచేది. ఎనిమిదిన్నరకు డిండిలో చాయ్ తాగుతూ కూర్చుంటే ఇక ఆ రాత్రి కారులోనే నిద్ర. పెట్రోలు కూడా మన్ననూరు రాకముందే నింపుకో.

ఫిబ్రవరి, మార్చిలో వస్తే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. ఎండుటాకు మోకాలి లోతు పడి ఉంటుంది, పిల్లలు అందులో నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడు, వాళ్లకు భలే సరదా. కానీ ఒక్క బీడీ ముక్క చాలు, గుట్ట గుట్టంతా అంటుకుంటుంది. వంట చేసుకుంటాం, పొయ్యి పెట్టుకుంటాం అని అస్సలు అనుకోకండి, టిఫిన్ ఇంటినుంచే కట్టుకురండి. కోతులకు వేయకండి, అవి కార్లకు అడ్డం వచ్చి చచ్చిపోతున్నాయి.

నీలగిరి_బండి:

అందరికీ థ్యాంక్స్, ఇంత ఓపికగా చెప్తారనుకోలేదు. దసరాకి పోతున్నాం, పిల్లల కోసం. మల్లెలతీర్థం తీసేశాం, ఫర్హాబాద్ పెట్టుకున్నాం. హోలీకి ముందు ఆదివారం ఇంకోసారి, ఈసారి అడవి కూడా కాదు, దేవరకొండ దారిలో మోదుగ ఎక్కడ కనిపిస్తే అక్కడ బండి ఆపుడే.

అమ్మకు మోదుగ సంగతి చెప్పాను. "ఆ చెట్టు చూడటానికి పెట్రోలు పోసుకొని పోవాల్నా? మీ అమ్మమ్మ ఊళ్లో మన చెలక గట్టు మీద మూడు ఉండె" అంది. ఇప్పుడు ఉన్నాయా అని అడిగితే తెలియదంది. చెలక అమ్మేసి పదిహేనేళ్లు అవుతోంది. అక్కడికే పోదాం అంటోంది. పాలమూరక్కా, ఆ పూలు ఎన్ని నానేస్తే బకెట్టు రంగు వస్తుందో కాస్త చెప్పండి.

పాలమూరక్క:

కొలత ఏం లేదు తమ్ముడూ, అమ్మమ్మ కొంగు నిండా తెచ్చేది. తొడిమలు తీసేసి వెయ్యి, లేకపోతే రంగు నల్లగా తేలుతుంది.